రింగులు మార్చినా ఆగని నీలం పొగ

విజయనగరం

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: పరీక్ష చేయకుండానే నా పాత పెట్రోలు కారు ఇంజిన్ విప్పి, డబ్బు వసూలు చేయడం గురించి.

అయ్యా,

విజయనగరంలోని మీ సర్వీస్ సెంటర్‌లో కారు అప్పగించేటప్పుడు లక్షణాలన్నీ వివరంగా చెప్పాను. రాత్రంతా నిలిపి ఉంచి పొద్దున స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి నీలం పొగ గుప్పున వచ్చి, కాసేపటికి ఆగిపోతుంది. అరకు వెళ్లినప్పుడు అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే పొగ లేదు. తిరుగు ప్రయాణంలో యాక్సిలరేటర్ వదిలి గేరులోనే దిగి, శృంగవరపుకోట వైపు మళ్లీ తొక్కగానే వెనకంతా నీలంగా కమ్ముకుంది. బండికి చేయాల్సిన పని రాసుకునే జాబ్ కార్డులో మాత్రం ‘పొగ వస్తోంది’ అని రాసి ఊరుకున్నారు.

నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ మండుతోందని మీ సిబ్బందికి తెలియనిది కాదు. అది ఏ దారిన సిలిండర్‌లోకి చేరుతోందో తేల్చడమే అసలు పని. మీరు మార్చిన పిస్టన్ రింగులు, అంటే సిలిండర్ గోడల వెంట ఆయిల్ పైకి రాకుండా ఆపేవి, అరిగితే బరువు లాగేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు పొగ రావాలి. నా కారు లక్షణాలు గట్టిపడిన వాల్వ్ సీళ్లవి, అంటే వాల్వుల వెంట ఆయిల్ సిలిండర్‌లోకి కారకుండా ఆపే రబ్బరు తొడుగులవి. బండి నిలిపి ఉంచితే ఆయిల్ వాల్వుల వెంట కిందికి జారుతుంది. గేరులో దిగేటప్పుడు ఇంజిన్ పీల్పు దాన్ని లోపలికి లాగుతుంది. అనుమానం ఉంటే సిలిండర్‌లో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్ష ఉండనే ఉంది: రీడింగ్ తక్కువగా ఉన్న సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, అది పెరిగినప్పుడు రింగులను అనుమానించవచ్చు.

బిల్లులో ఆ పరీక్ష ఊసే లేదు. పిస్టన్ రింగులు, హెడ్ గ్యాస్కెట్, ఆయిల్, ఫిల్టర్, లేబర్ ఉన్నాయి. వాల్వ్ సీళ్లు లేవు! నన్ను ఎక్కువగా బాధించినది ఇదే. రింగుల కోసం హెడ్‌ను, అంటే వాల్వులు ఉండే ఇంజిన్ పై భాగాన్ని, ఎలాగూ దించారు. చేతికి అందిన ఆ చిన్న రబ్బరు సీళ్లను, అదీ ఇన్నేళ్ల ఇంజిన్‌లో, పాతవే ఉంచి బిగించడం ఏ మెకానిక్కూ చేయకూడని పని. పొగ ఎప్పటిలాగే వస్తోంది. అడిగితే ‘పాత బండి కదా సార్, కొత్తది చూసుకోండి’ అన్నారు. బండి వయసు మీ పొరపాటుకు సమాధానం కాదు. ఆయిల్ ఇలాగే మండుతూ ఉంటే స్పార్క్ ప్లగ్గులు, పొగలోని హానికర వాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ కూడా పాడవుతాయి.

కాబట్టి కంప్రెషన్ రీడింగులు రాతపూర్వకంగా ఇవ్వండి. తీసిన రింగులు నాకు చూపించండి. వాల్వ్ సీళ్లు లేబర్ చార్జీ లేకుండా మార్చండి. రింగులు మార్చాల్సిన అవసరం ఉందని నిరూపించలేకపోతే ఆ సొమ్ము తిరిగి చెల్లించండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవా లోపంపై జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. బిల్లు, జాబ్ కార్డు నకళ్లు జత చేశాను.

ఇట్లు,
మీ వినియోగదారు