పొడి చెత్త ఆటో రాని సంగతి

అందరికీ నమస్కారం. ఈ వారం కూడా పొడి చెత్త ఆటో రాలేదు. సెల్లార్‌లో అట్టపెట్టెలు లిఫ్టు గుమ్మం దాకా వచ్చేశాయి. దయచేసి వాచ్‌మన్ మీద అరవకండి, ఆటో రాకపోతే అతనేం చేస్తాడు పాపం!

ఫిర్యాదు ఉన్నవాళ్ళు బ్లాకు, ఫ్లాట్ నంబరు, తేదీ రాసి ఒక ఫోటో పెట్టండి. "ఎప్పుడూ రారండీ" అంటే అవతల ఎవరూ పట్టించుకోరు. ఈ రాత్రికి అన్నీ కలిపి ఒకే ఫిర్యాదుగా పంపి, దాని నంబరు ఇక్కడే పెడతాను.

ఇంకోటి. పొడి చెత్త వేసే నీలం డబ్బాలో సాలన్ కారుతున్న బిర్యానీ డబ్బాలు కనిపించాయి. తడి, పొడి విడిగా ఇవ్వాలని 2016 నుంచీ నిబంధనల్లో ఉన్నదే. నూనె పట్టిన అట్టను పాత సామాన్లవాళ్ళు కూడా తీసుకోరు. డబ్బాలు కడిగి వేయండి. ఆటో వచ్చేదాకా పేపర్లు, సీసాలు బాల్కనీలోనే ఉంచుకోండి.