లోస్ బాన్యోస్ వాళ్ళకి మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు

వాకింగ్‌కి వెళ్ళి తప్పిపోయిన మా నాన్నగారు దొరికారు, క్షేమంగా ఉన్నారు. కంగారుపడి ఫోన్లు, మెసేజ్‌లు చేసిన వాళ్ళందరికీ ముందుగా ఈ మాట. ఆయన్ని కాపాడి మాకు అప్పజెప్పిన లోస్ బాన్యోస్ వాళ్ళకి, నాకు వచ్చిన కాస్త తగలోగ్‌లో, అంటే అక్కడి భాషలో, ఎదురుగానే థాంక్స్ చెప్పుకున్నాను. వాళ్ళు ఎంత మంచివాళ్ళో మనవాళ్ళకీ తెలియాలని ఇది తెలుగులో రాస్తున్నాను.

ఫిలిప్పీన్స్‌లో లగూనా ప్రావిన్స్‌లోని మునిసిపాలిటీ లోస్ బాన్యోస్. మనీలా నుంచి 60 కిలోమీటర్ల పైన ఉంటుంది. ఒకవైపు మకీలింగ్ కొండ, రెండోవైపు లగూనా దె బాయ్ సరస్సు. ఊరు ఆ రెండిటి మధ్య వాలులో ఉంది. 1,090 మీటర్ల ఎత్తున్న మకీలింగ్ ఒకప్పటి అగ్నిపర్వతం. దాని చలవతోనే ఊళ్ళో వేడినీటి ఊటలున్నాయి. కొండని మరియా మకీలింగ్ అనే దేవత కాపాడుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. సరస్సు ఆ దేశంలోకెల్లా పెద్దది, సుమారు 900 చదరపు కిలోమీటర్లు. అయినా సగటు లోతు మూడు మీటర్ల లోపే. వెదురు గడలు పాతి, వలలు కట్టి చేపలు పెంచుతారు.

వరి పండించేవాళ్ళకి ఈ ఊరి పేరు కొత్త కాదు. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1960లో ఇక్కడే మొదలైంది. 1966లో విడుదలైన ఐఆర్8 వరి వంగడం ఇక్కడి పొలాల్లో పుట్టిందే. ఆ మరుసటి ఏడాదే మన పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు దాన్ని వేసి, తోటి రైతుల చేత కూడా వేయించారు. నాన్నగారు ఆ పంట సంగతులు వింటూ పెరిగిన రైతు. నాకు ఇక్కడ ఉద్యోగం వచ్చిందనగానే ఆయన అడిగింది ఒక్కటే, ఆ మళ్ళు ఒకసారి చూపించమని. మొక్క మొదలు పట్టుకుని చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడిపోయారు.

మేముండేది ఈ ఊళ్ళోని బాతోంగ్ మలాకే అనే పేటలో. ఆ రోజు పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళిన ఆయన ఎండెక్కినా తిరిగి రాలేదు. షుగర్ మనిషి, ఫోన్ ఇంట్లోనే ఉంది, తెలుగు తప్ప మరో భాష రాదు. టెన్షన్‌తో నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

బరంగాయ్ ఆఫీసుకి పరిగెత్తాను. అక్కడ మునిసిపాలిటీని బరంగాయ్‌లుగా విభజిస్తారు. ఈ ఊళ్ళో 14 ఉన్నాయి. ప్రతిదానికీ ఎన్నికైన కెప్టెన్, గస్తీ తిరిగే తనోద్‌లు, ఇళ్ళకి వచ్చి యోగక్షేమాలు చూసే ఆరోగ్య కార్యకర్తలు ఉంటారు. ఆ వ్యవస్థ విలువ నాకు ఆ రోజే తెలిసింది. ఎవరూ దరఖాస్తు రాయమనలేదు, ఏ దేశమని అడగలేదు. నాన్నగారి ఫొటో నా ఫోన్‌లోంచి తీసుకుని మిగతా బరంగాయ్‌లకి పంపారు. ట్రైసికిల్ (మన ఆటోలా తిరిగే, పక్కన సీటు కట్టిన మోటార్‌సైకిల్) డ్రైవర్లు తమ గ్రూపుల్లో పెట్టుకున్నారు. బేరాలు వదులుకుని కొందరు హైవే వైపు, కొందరు యూనివర్సిటీ వైపు వెతికారు. పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే ఒక్కరూ తీసుకోలేదు.

ఆయన సరస్సు ఒడ్డున మయొన్‌డోన్ అనే మరో బరంగాయ్‌లో దొరికారు. నీళ్ళ మీద గుర్రపుడెక్క చూసి, మన కాలవలు గుర్తొచ్చి, అలా నడుచుకుంటూ వెళ్ళిపోయారట. షుగర్ పడిపోయి ఒక చిల్లర కొట్టు ముందు కూలబడ్డారు. కొట్టు నడిపే ఆవిడ వచ్చి నీడన పడుకోబెట్టి, చెమటలు చూసి పంచదార నీళ్ళు తాగించింది. వాళ్ళ నాన్నకీ షుగరేనట, అందుకే వెంటనే పోల్చుకుంది. ఆ అక్క లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయమేస్తోంది. పక్కింటి జాలరి వెళ్ళి ఆరోగ్య కార్యకర్తని పిలుచుకొచ్చారు. ఆమె వేలు గుచ్చి షుగర్ చూసి, కుదుటపడేదాకా పక్కనే కూర్చుంది. ఆకలేస్తోందని నాన్నగారు పొట్ట చూపిస్తే వేడివేడి బియ్యం జావ పెట్టారు. పైన కోడిగుడ్డు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టారట, మరో గిన్నెలో ఉత్త జావ తెచ్చారు.

నేను వెళ్ళేసరికి ఆయన చుట్టూ పిల్లలు. ఇంటికి బయల్దేరుతుంటే ఒక్కొక్కరే వచ్చి ఆయన చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకున్నారు. అక్కడ పెద్దవాళ్ళకి అలా నమస్కరిస్తారు. నాన్నగారు కూడా ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేసి మన పద్ధతిలో దీవించారు.

కొట్టు అక్కకి, జాలరి అన్నకి, ఆరోగ్య కార్యకర్తకి, రెండు బరంగాయ్‌ల తనోద్‌లకి, ట్రైసికిల్ అన్నలందరికీ, నేను వెతుకుతున్నంతసేపూ మా పాపకి అన్నం పెట్టి ఆడించిన పక్కింటి అమ్మకి నమస్కారాలు. మీరు చేసిన మేలు మా ఇంట్లో ఎవరం మరిచిపోము.

లోస్ బాన్యోస్‌కి చదువుకో, ఉద్యోగానికో వచ్చే మనవాళ్ళకి ఒక మాట. అమ్మానాన్నల్ని తీసుకొస్తే ముందుగా బరంగాయ్ ఆఫీసుకి తీసుకెళ్ళి పరిచయం చేయండి. పేరు, మీ ఫోన్ నంబరు, వాడే మందులు ఇంగ్లీషులో రాసిన చీటీ వాళ్ళ జేబులో ఉంచండి. షుగర్ ఉంటే, అది పడిపోయినప్పుడు తినడానికి నాలుగు చాక్లెట్లు కూడా పెట్టండి.