మాత్రా, మెమరీ ట్రైనింగా?

ఒరేయ్ శీనూ,

“మీ చంటోడికి మందు మొదలుపెడుతున్నారా లేదా, ఒక్క ముక్కలో చెప్పు” అని రాశావు. ఒక్క ముక్కలో తేలే సంగతైతే నాకీ టెన్షన్ ఎందుకురా? ఓపిగ్గా చదువు.

వాడికి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవక కుదురు లేకపోయే ఇబ్బంది, అని తేలిన దగ్గర్నుంచి ఇంట్లో రెండు పార్టీలు. మా ఆవిడ మందు వైపు. నాన్నేమో “వీడూ చిన్నప్పుడు ఇంతే, వీడికేం మందులు వేశాం?” అంటూ నన్ను చూపిస్తారు. ఇది చాలావరకు వంశంలో వచ్చేదేనని డాక్టరుగారు చెప్పాక ఆ మాట ఆయన పార్టీకే ఎదురు తిరిగిందనుకో!

అసలు వాడి ఇబ్బంది ఎలా ఉంటుందో చూడు. 47 లోంచి 19 తీసెయ్యాలి. పదుల నుంచి అప్పు తెచ్చాడు, 17 లోంచి 9 పోతే 8 అని సరిగ్గానే వేశాడు. ఇంతలో పెన్సిల్ ముక్కు విరిగింది. చెక్కుకున్నాడు, ఆ పొట్టుతో పువ్వు చేశాడు. తిరిగొచ్చేసరికి అప్పు తెచ్చిన సంగతి బుర్రలో లేదు. 4 లోంచి 1 పోతే 3, జవాబు 38. లెక్క రాక కాదు, పట్టుకున్నది జారిపోయి.

అందుకే మెమరీ ట్రైనింగ్ అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. తెర మీద చుక్కలు వెలుగుతాయి, అదే వరసలో మళ్లీ నొక్కాలి, నొక్కేకొద్దీ వరస పెరుగుతుంది. స్వీడన్‌లో క్లింగ్‌బెర్గ్ బృందం 2005లో ఏడీహెచ్‌డీ పిల్లలతో దాదాపు ఐదు వారాలు ఇలాంటిది చేయించి, ఫలితం బాగుందని రాసింది. కానీ తర్వాత జరిగిన చాలా పరిశోధనల్ని కలిపి 2013లో చూస్తే తేలింది వేరు. పిల్లలు ఆ చుక్కల ఆటలో, దానిలాంటి వాటిలో మెరుగవుతారు. ఆ మెరుగు లెక్కల్లోకీ చదువులోకీ వచ్చినట్టు గట్టి ఆధారం లేదు. రోజూ అరగంట పైగా వాణ్ణి తెర ముందు కూర్చోబెట్టే ఓపికే ఉంటే, ఆ ఓపికేదో లెక్కల పుస్తకం దగ్గర పెట్టనా?

మందు, అంటే మిథైల్‌ఫెనిడేట్, పనిచేస్తే మొదటి రోజుల్లోనే తెలుస్తుందట. మామూలు మాత్ర ప్రభావం నాలుగు గంటలు, నెమ్మదిగా విడుదలయ్యేదైతే ఎనిమిది నుంచి పన్నెండు. ఆకలి మందగించడం, నిద్ర ఆలస్యం కావడం ఉంటాయి, ఎదుగుదల కూడా కాస్త తగ్గొచ్చు. అందుకే బరువు, ఎత్తు, బీపీ, నాడి చూస్తూ ఉండాలి. ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బుందా అని కూడా అడిగారు. అయితే మందు ఏదీ నేర్పదురా. అమెరికాలో 579 మంది పిల్లలతో చేసిన పెద్ద అధ్యయనంలో 14 నెలలకి, ప్రవర్తన శిక్షణ ఒక్కదానికన్నా మందు బాగానే ముందుంది. మూడేళ్లకి ఆ తేడా కనబడలేదు. నాన్నకి ఈ రెండో సగం మాత్రం చెప్పను.

మా నిర్ణయం ఇదీ: తక్కువ డోసుతో మందు మొదలు, అదీ బడి నడిచే రోజుల్లో, టీచరు కూడా తేడా గమనించేలా. దాంతోపాటు ఒకసారికి ఒకే పని చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం. తీసివేతలో 4 కొట్టేసి పైన 3 రాయనివ్వడం కూడా. టీచరు నోటిలెక్కే చేయమంటారు, ఆమెతో మాట్లాడాలి. బుర్ర మొయ్యలేనిది కాగితం మోస్తే తప్పేంటి? చుక్కల ఆట ప్రస్తుతానికి వద్దనుకున్నాం.

చెల్లెమ్మ టీచరే కదా, ఒకటి అడిగి రాయి. క్లాసులో ఏమేం గమనించి చెప్పమంటే టీచరుకి భారం కాకుండా ఉంటుంది? మొదలెట్టిన పని పూర్తి చేస్తున్నాడా, మధ్యాహ్నం అన్నం తింటున్నాడా అన్నవి రెండే మాకు తోచాయి.

నీ
మూర్తి