చిమన్ సింగ్ పేరు మన పిల్లలకు తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు వచ్చిందంటే విశాఖలో 1971 యుద్ధం మాట వస్తుంది. మన తీరానికి దగ్గర్లో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గురించి, బీచ్ రోడ్డులోని విక్టరీ ఎట్ సీ స్తూపం గురించి పత్రికలు రాస్తాయి. రాయాల్సిందే. కానీ అదే యుద్ధంలో, యుద్ధ శౌర్యానికి ఇచ్చే పతకాల్లో పరమవీర చక్ర తర్వాతిదైన మహావీర చక్ర పొందిన లీడింగ్ సీమన్ చిమన్ సింగ్ యాదవ్ గురించి నేను చదివే పత్రికల్లో ఒక్క ముక్క కూడా కనబడదు. లీడింగ్ సీమన్ అంటే ఆర్మీలో నాయక్‌తో సమానమైన హోదా. ఆఫీసర్లు కాని నావికుల్లో మహావీర చక్ర దక్కింది ఆయన ఒక్కరికే. నేవీలో ఇప్పటిదాకా ఎవరికీ పరమవీర చక్ర రాలేదు. కాబట్టి యుద్ధ శౌర్యానికి మన నావికాదళంలో ఎవరైనా అందుకున్న అతి పెద్ద పతకం ఇదే.

సముద్రమే లేని హర్యానా నుంచి వచ్చిన మనిషి ఆయన. కలకత్తా పోర్టు బోట్లు రెండింటికి బోఫోర్స్ తుపాకులు బిగించి, పద్మ, పలాశ్ అని పేర్లు పెట్టి, తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నదుల్లోకి పంపారు. వాటిలో మన నావికులతో పాటు, బంగ్లాదేశ్ స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న బెంగాలీ ముక్తి యోధులూ ఉన్నారు. కమాండర్ సామంత్ నాయకత్వంలో ఈ దళం డిసెంబరు 10 ఉదయానికి మోంగ్లా రేవు చేరి, అక్కణ్ణించి ఖుల్నా వైపు సాగింది. అక్కడ మన విమానాలే వీటిని శత్రువు బోట్లనుకుని బాంబులు వేశాయి. బోట్ల మీద గుర్తుగా పసుపు గుడ్డ పరిచి ఉన్నా ఆ పొరపాటు జరిగింది. ఇది చెప్పుకోవడానికి బాధగానే ఉంటుంది, అయినా పిల్లలకు దాచకుండా చెప్పాలి.

చిమన్ సింగ్ ఉన్న బోటు మునిగింది. ఒంట్లో బాంబు ముక్కలు దిగి ఉన్నాయి. నీళ్లలో ఉన్నవాళ్ల మీద ఒడ్డు నుంచి పాకిస్తాన్ సైనికులు కాల్పులు మొదలుపెట్టారు. ఒక ఆఫీసరు, ఇంకో నావికుడు ఈదలేక మునిగిపోతుండడం ఆయన చూశారు. ఆ తూటాల మధ్యే ఇద్దరినీ పట్టుకుని ఒడ్డుకు చేర్చారు. ఒడ్డెక్కాక చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చేతిలో ఆయుధమన్నది లేకుండా నేరుగా శత్రువు మీదికి ఉరికారు. వాళ్లు ఈయన మీద పడేసరికి ఆ ఇద్దరూ తప్పించుకున్నారు. ఈయన బందీగా దొరికిపోయారు. బంగ్లాదేశ్ విముక్తి అయ్యాకే ఇండియాకు తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చారు.

ఆ రోజే అదే దళంలో పలాశ్ మీద ఇంజన్ రూమ్ ఆర్టిఫిసర్‌గా, అంటే ఇంజన్లు చూసుకునే నిపుణుడిగా పనిచేస్తున్న మొహమ్మద్ రుహుల్ అమీన్ ప్రాణాలు వదిలారు. ఆయనా ఆఫీసరు కారు. బంగ్లాదేశ్ తన అత్యున్నత శౌర్య పురస్కారం బీర్ శ్రేష్ఠను ఏడుగురికే ఇచ్చింది, అందులో ఆయన ఒకరు. అక్కడి నౌకాదళం ఒక నౌకకు ఆయన పేరే పెట్టుకుంది. ఒకే దళంలో, ఒకే రోజు నిలబడిన ఇద్దరిలో ఒకరిని ఆ దేశం అలా గుర్తు పెట్టుకుంటే, రెండోవారిని మనం ఎందుకు ఇలా వదిలేశామన్నదే నా బాధ.

అదే యుద్ధంలో ఖుక్రీ అనే మన యుద్ధనౌకతో పాటు మునిగిపోయిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా గారి పేరు చాలామందికి తెలుసు. తెలియాలి కూడా. ఆ నౌకతో పాటు 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. ఆ 176 మందిలో ఒక్క పేరైనా మనలో ఎందరం చెప్పగలం? నేను బడిలో సోషల్ చెప్పిన పిల్లల్లో కొందరు పదో తరగతో ఇంటరో పాసై నేవీలో చేరారు, ఒడిశాలోని చిల్కాలో శిక్షణ తీసుకున్నారు. ఉత్తరాంధ్రలో అలాంటి ఇళ్లు ఎన్నో. వాళ్లు చేరేది చిమన్ సింగ్ చేసిన నౌకరీలోనే. ధైర్యమంటే పెద్ద హోదా ఉన్నవాళ్లదే అన్న భావంతో వాళ్లు పెరగకూడదు.

అందుకే విద్యాశాఖకు నా విన్నపం: హైస్కూలు తెలుగు వాచకంలో చిమన్ సింగ్ మీద ఒక పాఠం పెట్టండి. నగరపాలక సంస్థ, తూర్పు నౌకాదళం కలిసి బీచ్ రోడ్డులో ఆయన పేరుతో, తెలుగులో చదువుకునేలా ఒక ఫలకం నిలబెట్టాలి. మీ పత్రిక కూడా ఈ డిసెంబరు 10న ఆయన గురించి ఒక పేజీ కేటాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సోషల్ ఉపాధ్యాయుడు,
మధురవాడ, విశాఖపట్నం