బెయిల్ వచ్చింది, మనిషి రాలేదు

అయ్యా,

31 ఏళ్లు ఒక క్రిమినల్ వకీలుగారి దగ్గర గుమస్తాగా చేసి మానుకున్నవాణ్ణి. పని మానినా కోర్టు దగ్గర టీ తాగడం మానలేదు. పోయిన వేసవిలో అక్కడే చింతచెట్టు కింద, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒకావిడ కనిపించింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో తమ్ముడి 60 సెంట్ల పొలం తాలూకు 1-బి, అంటే భూమి ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ కాగితం, బావగారి ఇంటిపన్ను రసీదు. ఎన్నిసార్లు తీసి మడిచిందో, మడతల దగ్గర కాగితం చిరుగుపట్టింది.

భర్తది తాపీపని. సైటులో ఇనుప చువ్వలు పోయాయని కేసు. అంతకు ముందు ఏ కేసూ లేదు. ఉచిత న్యాయ సహాయం కింద వచ్చిన వకీలు 16వ రోజుకు బెయిల్ తెచ్చారు. అక్కడితో ఆయన ఫైలు కట్టేశారు. 10 వేల చొప్పున ఇద్దరు ష్యూరిటీలు, అంటే ముద్దాయి కోర్టుకు వస్తాడని ఆస్తి కాగితాలు చూపి జామీను ఉండేవాళ్లు, ఇద్దరూ స్థానికులే కావాలన్నారు. ఈమె తెచ్చిన కాగితాలు వేరే జిల్లావని తిప్పి ఇచ్చేశారు.

"బెయిల్ వొచ్చిందన్నారు కదా బాబూ, మరి మనిషేడీ?" అని నన్నడిగింది.

దానికి జవాబు టీ బంకు దగ్గర దొరుకుతుంది, డబ్బులిస్తే. ఆధార్ కార్డు, పన్ను రసీదు జేబులో పెట్టుకుని పొద్దున్నే వచ్చి కూర్చునేవాళ్లున్నారు. ముద్దాయి మొహం ఎరగరు, జడ్జిగారి ముందు మాత్రం "బాగా తెలుసండీ" అంటారు. మనిషికి 4 వేలు. దాచడమెందుకు, మా వకీలుగారి హయాంలో వాళ్లకు కబురు పెట్టింది నేనే. ఆమె నూటికి 5 రూపాయల వడ్డీకి 8 వేలు తెచ్చింది. బెయిల్ వచ్చిన 29 రోజులకు ఆయన సబ్‌జైలు గేటు దాటాడు.

ఇది పాత తగువే. మోతీరామ్ అనే తాపీమేస్త్రికి సుప్రీంకోర్టే బెయిలిస్తే, కింద మేజిస్ట్రేటు 10 వేల జామీను అడిగి, సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది: విడుదల ఆలస్యానికి స్థానిక ష్యూరిటీ పట్టుదల ఒక కారణం, ఆ షరతు పెట్టకపోవడం మంచిదని. బెయిల్ వచ్చిన వారంలో ఖైదీ బయటపడకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెలలోగా జామీను ఇవ్వలేకపోతే షరతు సడలించే విషయం కోర్టు తనంతట తనే చూడవచ్చు.

బయటి జిల్లా కాగితం నిజమో కాదో ఎలా తెలుస్తుందంటారు. 1-బి ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో కనబడుతుంది, ఫోనులోనే. టీ బంకు ష్యూరిటీని ఎవరు ఆరా తీశారు గనక?

నేను కోరేది చిన్నది. ఆ 2023 సూచనలు తెలుగులో ఒక్క కాగితం మీద అచ్చేసి, కోర్టు వరండాలోనూ, సబ్‌జైలు ములాఖత్ గది దగ్గరా అంటించండి. కింద న్యాయ సహాయం ఫోన్ నంబరు 15100 పెద్దక్షరాల్లో వేయండి. జిగురు సీసా నేను కొనిస్తాను.

– ఒక విశ్రాంత వకీలు గుమస్తా