నీళ్ళు పోయాక మొదలయ్యే ఖర్చు గురించి మున్సిపల్ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మున్సిపల్ పరిపాలన, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది హైదరాబాద్‌లో సరూర్‌నగర్ చెరువు కింద ఉన్న ఒక కాలనీ. నేను ప్రభుత్వ పాఠశాలలో ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. 1998లో హుడా (అప్పటి హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్‌లో 150 గజాల ప్లాటు కొని, బ్యాంకు లోను తీసుకుని ఇల్లు కట్టుకున్నాం. ఈ ఇంట్లోకి ఇప్పటికి రెండుసార్లు నీళ్ళు వచ్చాయి. మొదటిసారి 2020 అక్టోబర్ 13 రాత్రి. నగరంలో ఎవరూ మర్చిపోలేని రాత్రి అది. రెండోసారి మొన్నటి వానాకాలంలో.

లెక్కల టీచర్ని కాబట్టి రెండుసార్లూ ప్రతి రూపాయీ నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. 2020లో ఇల్లు మళ్ళీ ఉండటానికి పనికొచ్చేలా చేసుకోవడానికి 92,000 అయింది. ఈసారి 2,14,000. అదే ఇల్లు, అవే గోడలు. నీళ్ళు కూడా రెండుసార్లూ మోకాలు దాటి ఒక జానెడు పైకి వచ్చాయి, అంతే. ఈ తేడా గురించే మీకు రాస్తున్నాను.

నాలాల విస్తరణ, చెరువుల రక్షణ, వాటికోసం పెట్టిన ఎస్‌ఎన్‌డీపీ పథకం, హైడ్రా సంస్థ గురించి పేపర్లో రోజూ చదువుతున్నాం. అవన్నీ కావాలి. కానీ వాటి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంట్లోంచి నీళ్ళు తీసిన మర్నాటి నుంచి ఆ ఇంటివాళ్ళు పడే పాట్ల గురించి రాసేవాళ్ళే కనిపించరు.

తెల్లవారుజామున వాన ఆగింది. ట్రాలీ ఆటోలో డీజిల్ మోటారు వేసుకుని ఇద్దరు కుర్రాళ్ళు గల్లీలోకి వచ్చారు. గంటకు 700 అన్నారు. మా వంతు వచ్చేసరికి పది దాటింది, రేటు 1,500 అయింది. బేరమాడే ఓపిక ఎవరికుంది? సంపులోకి మురుగు వచ్చేసింది, తాగడానికి చుక్క లేదు, మా అత్తగారు మేడ మీద గదిలో పక్షవాతంతో మంచం మీద ఉన్నారు. మోటారుకు, బురద ఎత్తిపోయడానికి కలిపి ఆ ఒక్క రోజే 14,500 చేతి నుంచి పోయింది. ఎవరూ రసీదు ఇవ్వలేదు. అడగాలన్న ధ్యాస కూడా మాకు రాలేదు.

బీరువా కింది అరలో ఇంటి కాగితాలు ఉన్నాయి. సేల్ డీడ్ పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మా ఆయన, నేను రెండు రోజులు కూర్చుని ఒక్కో పేజీ మెల్లగా విడదీసి, ఫ్యాన్ కింద పాత చీర మీద పరిచి, ఇస్త్రీ పెట్టె గోరువెచ్చగా పెట్టి ఆరబెట్టాం. ఆ పనికి డబ్బు కాలేదు కాబట్టి నా నోటుబుక్కులో దానికి లైను లేదు.

అసలు ఖర్చంతా గోడల దగ్గర ఉంది. ఇది తెలియకే 2020లో మేం దెబ్బతిన్నాం. నేల ఆరగానే గోడ కూడా ఆరిందనుకున్నాం. మూడు వారాలకే పుట్టీ పెట్టించి రంగు వేయించాం. ఆ ఎండాకాలానికి గోడ అడుగుభాగమంతా ఉప్పు తేలి, రంగు పొలుసులు పొలుసులుగా ఊడి, చీపురుతో ఊడిస్తే దోసిళ్ళకొద్దీ వచ్చింది. మళ్ళీ వేయించిన రంగు ఖర్చు ఆ 92,000లో కలపలేదు.

ఈసారి వచ్చిన మేస్త్రీ మహబూబ్‌నగర్ వైపు మనిషి. తాపీ పిడితో గోడను కొట్టుకుంటూ పోయి, డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దతో గీత గీశాడు. నీళ్ళు వచ్చిన మట్టం కంటే అడుగున్నర పైకి పోయాయి ఆ గీతలు. "ఇటుక నీళ్ళు తాగిందమ్మా, పైకి గుంజుకుంటది. ఈ ప్లాస్టరింగ్ మొత్తం చెక్కెయ్యాలె. నెల దాకా అట్లనే వదిలెయ్యాలె. ఇప్పుడే రంగేస్తే మళ్ళ నన్నే పిలుస్తరు" అన్నాడు. నెల రోజులు ఇటుకలు కనబడే గోడల మధ్య వంట చేసుకున్నాం. ఆ మనిషి నిజం చెప్పాడు కాబట్టే రెండోసారి రంగు ఖర్చు తప్పింది. అతనికి నేను రోజుకు 1,300 ఇచ్చాను. 2020లో మరో మేస్త్రీకి 800 ఇచ్చాను. కూలి పెరిగినందుకు నాకు బాధ లేదు. అతనూ ఈ నగరంలోనే అద్దె కడుతున్నాడు, పిల్లల ఫీజులు కడుతున్నాడు.

నా బాధ వేరు. ఈ మేస్త్రీ దొరకకముందు ముగ్గురిని పిలిచి చూపించాం. మొదటాయన వరండాలో నిలబడి ఒక్క చూపు చూసి 38,000 అన్నాడు. రెండో ఆయన టేపుతో కొలిచి 61,000 అన్నాడు. మూడోది నీళ్ళు పట్టిన ఇళ్ళు బాగుచేసే సంస్థ. ఇంటికి వచ్చి చూడటానికే 1,500 తీసుకున్నారు. గోడకు తేమ కొలిచే మీటరు ఆనించి, ఫోటోలు తీసి, "ప్యాకేజీ 1,65,000 మేడం, రేపటిలోగా అడ్వాన్స్ వేస్తేనే స్లాట్ ఉంటుంది" అన్నారు. ఆ ప్యాకేజీలో ఎన్ని చదరపు అడుగుల ప్లాస్టరింగ్, ఎన్ని పూతల రంగు, వారంటీ ఎన్నాళ్ళు అని అడిగితే కాగితం మీద ఏమీ రాయలేదు. అవే గోడలకు 38,000కీ 1,65,000కీ మధ్య ఏ అంకె న్యాయమో లెక్కలు చెప్పిన నాకే అర్థం కాలేదు. మా పక్క వీధిలో ఒంటరిగా ఉంటున్న పెద్దావిడ ఆ సంస్థకే అడ్వాన్స్ కట్టేసింది. రేపటికి స్లాట్ ఉండదంటే భయం వేసిందట.

చివరికి మా గోడలకు చెక్కడం, ప్లాస్టరింగ్, పుట్టీ, రంగు అన్నీ కలిపి 88,000 అయింది. వైరింగు, స్విచ్‌బోర్డులు, ఎంసీబీలకు 27,000. వంటగదిలో ప్లైవుడ్ అరలు అటుకుల్లా ఉబ్బిపోయాయి. వాటికి, రెండు తలుపులకు 46,000. మిగిలింది సంపు కడిగించడానికి, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఇన్వర్టర్ రిపేర్లకు పోయింది.

సిమెంటు మీద 28 శాతం ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి తగ్గించారు. మంచిదే. కానీ మాకు పట్టింది ఎనిమిది బస్తాలు. ఇల్లు కట్టేవాళ్ళకు ఆ తగ్గింపు కనిపిస్తుంది. ఇల్లు బాగుచేసుకునేవాళ్ళ ఖర్చంతా మనుషుల పనిలో, రంగులో, కరెంటు సామానులో ఉంటుంది. బిల్లు ఇచ్చే కంపెనీతో ఆ పని చేయిస్తే దాని మీద 18 శాతం. అందుకే అందరం బిల్లు లేకుండా చేయించుకుంటున్నాం. బిల్లు లేనప్పుడు పని చెడితే ఎవరిని అడగాలి? 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. 5 లక్షల లోపు విలువైన కేసుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. ఇవన్నీ నేను ఈ వయసులో కూర్చుని చదివి తెలుసుకున్నాను. కానీ చేతిలో చిన్న కాగితం ముక్క కూడా లేకుండా ఆ గుమ్మం ఎక్కి ఏం చూపించాలి?

బీమా సంగతి కూడా చెప్తాను. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ 'భారత్ గృహ రక్ష' అనే పాలసీ ఇవ్వాలి. వరద, నీట మునక అందులో ఉన్నాయి. ఇంటి బీమా మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా 10 లక్షల దాకా, సామానుకు కూడా దానంతటదే వర్తిస్తుంది. చాలా మంచి పాలసీ. మా వీధిలో ఆ పేరు విన్న ఇల్లు ఒక్కటే ఉంది. వాళ్ళకూ కష్టమే అయింది. సర్వేయర్ వచ్చేలోపు తడిసిన పరుపులు, అరలు కంపు భరించలేక బయట పారేశారు. ఫోటోలు లేవు, పాత బిల్లులు నీళ్ళలో కలిసిపోయాయి. పైగా శిథిలాల తొలగింపుకు ఆ పాలసీ ఇచ్చేది క్లెయిమ్‌లో 2 శాతం వరకే. లక్ష క్లెయిమ్ అయితే 2,000. మా గల్లీలో ఆ డబ్బుకు మోటారు గంటన్నర కూడా తిరగలేదు.

ఇక ప్రభుత్వ సాయం. 2020లో ఇంటికి 10,000 ఇచ్చారు. మాకూ అందింది, కృతజ్ఞతలు. ఆ డబ్బు కోసం మీసేవ కేంద్రాల ముందు తెల్లవారుజాము నుంచి క్యూలు కట్టిన ఆడవాళ్ళను నేను కళ్ళారా చూశాను. ఆ తర్వాత విపత్తు సహాయ నిధి నియమాలు తెప్పించి చదివాను. 2022 నుంచి 2026 వరకు అని రాసుకున్న నియమాల్లో, పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి ఇచ్చేది 6,500. అదీ నష్టం కనీసం 15 శాతం ఉంటేనే. మా ఇల్లు కూలలేదు, గోడ పడలేదు. నిలబడే ఉంది, లోపల మనుషులు ఉండటానికి వీల్లేదు. అలాంటి ఇంటి నష్టాన్ని శాతాల్లో ఎలా కొలుస్తారు? మునిగిన నగర ఇళ్ళలో ఎక్కువ భాగం ఇలాంటివే. ఎండిపోయాక బయటినుంచి చూస్తే ఏమీ కానట్టే ఉంటాయి.

మంత్రి గారూ, నేను డబ్బు పంచమని అడగడం లేదు. అన్నిటికంటే ముందు అడిగేది ఒక ధరల పట్టిక. ప్రభుత్వ పనులకు మీ ఇంజనీర్ల దగ్గర ఎస్‌ఎస్‌ఆర్ అనే ప్రామాణిక ధరల పుస్తకం ఉంటుంది. చదరపు మీటరు ప్లాస్టరింగ్‌కి ఎంత, పాత ప్లాస్టరింగ్ చెక్కడానికి ఎంత, మేస్త్రీకి రోజుకు ఎంత, అన్నీ అందులో రాసి ఉంటాయి. కాంట్రాక్టర్‌కు బిల్లు పాస్ చేయడానికి ప్రభుత్వం చూసుకునే లెక్క అది. అదే లెక్క ఇల్లు మునిగిన మనిషికి ఎందుకు కనబడకూడదు? కాలనీలోకి నీళ్ళు వచ్చిన రెండు రోజుల్లో ఒక పేజీ చాలు, తెలుగులో, ఉర్దూలో అచ్చు వేసి వార్డు ఆఫీసు గోడకు అంటించండి. మోటారు గంటకు ఇంత, సంపు కడగడానికి ఇంత, తడిసిన గోడ చెక్కి మళ్ళీ ప్లాస్టరింగ్ చేయడానికి అడుగుకు ఇంత. దాని అడుగున ఆ మేస్త్రీ నాకు చెప్పిన ముక్క కూడా పెద్దక్షరాలతో రాయించండి: గోడ ఆరేదాకా రంగు వేయించొద్దు. ఆ రేటుకే చేయాలని ఎవరినీ బలవంతం చేయనక్కర్లేదు. 38,000 అన్నాయన ఏం వదిలేస్తున్నాడో, 1,65,000 అన్నాయన ఎంత కలిపాడో మాకు తెలిస్తే చాలు.

ఇళ్ళు బాగుచేస్తామని బోర్డు పెట్టుకున్న సంస్థలు నగర పాలక సంస్థ దగ్గర నమోదు చేసుకోవాలని, పని మొదలుపెట్టే ముందు ఎంత పని, ఎంత ధర, ఎన్నాళ్ళ వారంటీ అని కాగితం మీద రాసివ్వాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. నీళ్ళు తీసిన మూడు రోజుల్లోపు వార్డు ఇంజనీరు ఇంటింటికీ వచ్చి, నీటి మట్టం కొలిచి, ఫోటో తీసి ఒక నష్ట ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు చేయండి. అది ఉంటే బీమా సర్వేయర్ ముందు బిల్లులు లేవని చేతులు నలుపుకుంటూ నిలబడే అవస్థ తప్పుతుంది. ఏటా ఏప్రిల్‌లో 5 శాతం రాయితీ ఉన్నప్పుడే నేను ఆస్తి పన్ను కట్టేస్తాను. ఆ ధ్రువపత్రం ఉన్న ఇళ్ళకు ఆ ఏడాది పన్నులో కొంత తగ్గించండి. ఆ 6,500 అంకె గురించి కేంద్రంతో మాట్లాడవలసింది కూడా రాష్ట్ర ప్రభుత్వమే. మా తరఫున మాట్లాడండి.

చెరువు కింద ఇల్లు కట్టుకుని ఇప్పుడు ఏడుస్తారేమిటని కొందరు అంటారు. మా ప్లాటుకు లేఅవుట్ అనుమతి ఉంది. రిజిస్ట్రేషన్ చేశారు, ప్లాను పాస్ చేశారు, బ్యాంకు లోను ఇచ్చింది, ఇరవై ఏడేళ్ళుగా పన్ను కట్టించుకుంటున్నారు. ఇన్ని సంతకాల్లో ఒక్కరైనా ఇక్కడికి నీళ్ళు వస్తాయని మాకు చెప్పలేదు.

మీరు వస్తే మా నోటుబుక్కు చూపిస్తాను. ముందుగదిలో కిటికీ కింద ఒక మూరెడు గోడకు ఇంకా రంగు వేయించలేదు. అక్కడ ఇటుక ఇప్పటికీ చెమ్మగానే ఉంది. మేస్త్రీ వచ్చే ఆదివారం మళ్ళీ చూసి చెప్తానన్నాడు.

ఇట్లు,
సరూర్‌నగర్ నుంచి,
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్