బ్యాటరీ గదికి ముందు గాలి, ఆ తర్వాతే కేటలిస్ట్: చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ గార్లకు నమస్కారం.

ఆమోదం కోసం వచ్చే డ్రాయింగుల్లో బ్యాటరీ గది ఓ మూలనున్న చిన్న చదరం. అందులో ఎగ్జాస్ట్ ఫ్యాన్ గుర్తు ఒకటి కనిపిస్తే చాలనుకుంటారు. ఇప్పుడు ఆ ఫ్యాన్ కూడా ఎందుకనే వాదన వినబడుతోంది. సెల్స్‌కి, అవి చార్జింగ్‌లో వదిలే హైడ్రోజన్‌ను నీరుగా మార్చే కేటలిస్ట్ (ఉత్ప్రేరక) వెంట్ ప్లగ్‌లు బిగిస్తాం, లేదా హైడ్రోజన్‌ను పీల్చుకునే పాలిమర్ షీట్లు గోడకి అంటిస్తాం, ఏసీ చల్లదనాన్ని బయటికి తోలడం దేనికి అంటున్నారు. ఈ పదార్థాలతోనూ, బ్యాటరీలతోనూ రోజూ పనిచేసేవాళ్లం మేం. అవి బూటకమని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. అవి ఎంతవరకు పనికొస్తాయో మీ తనిఖీ ఫారంలో అంకెల్లో ఉండాలని అడుగుతున్నాం.

సబ్‌స్టేషన్లలో మామూలుగా ఉండే 110 వోల్టుల బ్యాటరీనే చూడండి: 55 సెల్స్, 200 ఏహెచ్ (ఆంపియర్-గంటలు), నీళ్లు పోసే లెడ్-యాసిడ్ రకం. ప్లేట్లు నిండిపోయాక లోపలికి పోయే ప్రతి ఆంపియర్-గంట నీటిని విడగొడుతుంది. సెల్‌కి 0.42 లీటర్ల హైడ్రోజన్, అందులో సగం ఆక్సిజన్ బయటికొస్తాయి. కొత్త బ్యాటరీకి మొదటి చార్జింగ్ చివర్లో కరెంటు 10 ఆంపియర్లు ఉందనుకుంటే గంటకు 231 లీటర్ల హైడ్రోజన్. గది 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు అయితే, అన్నీ మూసేసినప్పుడు గంటన్నరకు 1 శాతం, ఆరు గంటలు దాటితే 4 శాతం. అక్కడి నుంచి గాలి మండుతుంది. అదీ గ్యాస్ గదంతా సమంగా కలిసిందనుకుంటేనే. నిజానికి స్లాబు కింద, బీముల మధ్య గూళ్లలో అంతకంటే ముందే చేరుతుంది. అంటుకోవడానికి 0.02 మిల్లీజూల్ చాలు. టెర్మినల్ మీద స్పానర్ జారితే వచ్చే రవ్వ దానికి ఎన్నో రెట్లు పెద్దది.

ఇక పాలిమర్ సంగతి. వీటిలో బాగా పేరున్నదాంట్లో త్రిబంధాలున్న డీఈబీ అనే సేంద్రియ పదార్థం మూడు పాళ్లు, పల్లాడియం ఎక్కించిన కార్బన్ ఒక పాలు ఉంటాయి. ఈ మిశ్రమాన్ని సిలికోన్ రబ్బరులాంటి పాలిమర్‌లో కలిపి షీటుగానో గుళికలుగానో చేస్తారు. హైడ్రోజన్ అణువు పల్లాడియం మీద విడిపోయి ఆ బంధాల్లోకి చేరిపోతుంది, మళ్లీ బయటికి రాదు. ఆక్సిజన్‌తో పనిలేదు. అందుకే సీలు వేసిన ఎలక్ట్రానిక్ పెట్టెల్లో దీనికి సాటిలేదు. అణు వ్యర్థాల రవాణా పెట్టెల కోసం అమెరికా జాతీయ ప్రయోగశాలలు దీన్ని పరీక్షించిందీ ఇందుకే. కానీ ఒక డీఈబీ అణువు నాలుగు హైడ్రోజన్ అణువుల్నే పట్టగలదు. లెక్క కడితే కిలో మిశ్రమానికి సుమారు 240 లీటర్లు. పైన మన బ్యాటరీ వదులుతున్నది గంటకు 231 లీటర్లు. అంటే గంటకో కిలో! గాలి ఉన్నచోట పల్లాడియం కొంత హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌తో కలిపి నీరు చేస్తుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే లాగుతుందనవచ్చు. మరి ఆ చర్యలో పుట్టే వేడిని రబ్బరు షీటు ఎటు పంపుతుంది?

కేటలిస్ట్ ప్లగ్ లెక్క వేరు. అది నిండిపోయేది కాదు, ఆక్సిజన్ అందినంతసేపూ హైడ్రోజన్‌ను నీరుగా మార్చి సెల్‌లోకే జార్చుతుంది. నీళ్లు పోసే పని తగ్గుతుంది, ఫ్లోట్ మీద (నిండాక కొద్దిపాటి కరెంటుతో నిండుగానే ఉంచే స్థితిలో) ఉన్న బ్యాటరీకి మంచి సాధనం. చిక్కంతా బూస్ట్‌లోనే, అంటే వోల్టేజి పెంచి ఎక్కువ కరెంటుతో చార్జ్ చేసేటప్పుడే. గ్యాస్‌గా మారే ప్రతి ఆంపియర్‌కి ప్లగ్‌లో దాదాపు 1.5 వాట్ల వేడి పుడుతుంది. 10 ఆంపియర్లకు 15 వాట్లు, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ గొట్టంలో. ప్లగ్ ఎంత కరెంటుకి తయారైందో దాటితే మూత మెత్తబడుతుంది, ఇంకా దాటితే కేటలిస్టే నిప్పు అవుతుంది. అణు రియాక్టర్లలో పెట్టే పెద్ద కేటలిస్ట్ పెట్టెల విషయంలోనూ హైడ్రోజన్ శాతం పెరిగితే అవే మంట రాజేస్తాయేమోనన్న జాగ్రత్త ఉంది.

ప్లగ్ పాడయ్యే దారులు ఇంకా ఉన్నాయి. కేటలిస్ట్ మీద నీటి పొర పడితే గ్యాస్ దాన్ని చేరదు. అందుకే టెఫ్లాన్ లాంటి నీరంటని పూత వేస్తారు, అది అరిగితే ప్లగ్ నిద్రపోతుంది. యాంటిమొనీ కలిసిన గ్రిడ్ల (ప్లేట్ల సీసపు చట్రాల) నుంచి చార్జింగ్‌లో వచ్చే స్టిబిన్ వాయువు, వేడెక్కిన సీల్డ్ సెల్ వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్, సిలికోన్ ఆవిర్లు పల్లాడియానికి విషం. చూడ్డానికి తేడా ఏమీ తెలియదు, ప్లగ్ కొత్తదానిలాగే ఉంటుంది. కేటలిస్ట్ ప్లగ్, సిరామిక్ వెంట్ ప్లగ్ ఒకటేననుకోవడం మరో పొరపాటు. సిరామిక్ ప్లగ్ బయటి మంటను లోపలికి రానివ్వదు, యాసిడ్ తుంపర్లను ఆపుతుంది. హైడ్రోజన్‌ను మాత్రం ఆపదు, మార్చదు.

కాబట్టి ఫారంలో ముందు గాలి లెక్క ఉండాలి. బ్యాటరీల భద్రతపై అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 62485-2 సూత్రం చిన్నదే: సెల్స్ సంఖ్యను గ్యాస్ కరెంటుతో, మళ్లీ 0.05తో గుణిస్తే గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి కావాలో వస్తుంది. నీళ్ల సెల్స్‌కి గ్యాస్ కరెంటు ఏహెచ్‌కి ఫ్లోట్‌లో 5 మిల్లీఆంపియర్లు, బూస్ట్‌లో 20. మన బ్యాటరీకి ఫ్లోట్‌లో 2.75, బూస్ట్‌లో 11 ఘనపు మీటర్లు. 10 ఆంపియర్ల మొదటి చార్జింగ్‌కైతే 27.5. ఫ్యాన్ లేకుండా వెంటిలేటర్లతోనే సరిపెట్టాలంటే ఆ అంకెను 28తో గుణించి, అన్ని చదరపు సెంటీమీటర్ల ఖాళీ కింద ఒకటి, ఎదురు గోడకి పైన ఒకటి ఇవ్వాలి. 27.5కి అది 770, దాదాపు 28 సెంటీమీటర్ల చదరం. ఈగలు రాకుండా కొట్టిన జాలీ అందులో ఎంత మింగిందో తీసేసి లెక్కించాలి. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పుతుంది, దాన్ని గాలి మార్పిడిగా రాసిన ఏ డ్రాయింగునూ ఒప్పుకోవద్దు.

బ్యాటరీ గది ఎగ్జాస్ట్ గొట్టం విడిగా ఉండాలి. 2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం నాలుగో యూనిట్ రియాక్టర్‌లో ఇంధనమే లేదు, అయినా భవనం పేలింది. మూడో యూనిట్ హైడ్రోజన్ ఉమ్మడి వెంట్ గొట్టంలోంచి వెనక్కి వచ్చింది. బ్యాటరీ గది ఎగ్జాస్ట్‌ను కంట్రోల్ రూమ్ డక్ట్‌కి కలపడం చిన్న స్థాయిలో అదే పని.

ఫ్యాన్ తిరిగితేనే చార్జర్ బూస్ట్‌లోకి వెళ్లేలా ఇంటర్‌లాక్ పెట్టించండి. ఫ్యాన్ స్విచ్ గది బయట ఉండాలి. హైడ్రోజన్ డిటెక్టర్‌ను స్లాబు కింద, బీముల గూట్లోనే బిగించాలి. 1 శాతానికి అలారం, 2 శాతానికి చార్జర్ ట్రిప్. డిటెక్టర్ పరీక్షను, తెలిసిన పాళ్లలో హైడ్రోజన్ కలిపిన గాలి ఉన్న సిలిండర్‌తోనే చేయాలి, సిగరెట్ లైటర్‌తో కాదు. కిటికీ సందులకి సిలికోన్ సీలెంట్ పూస్తే డిటెక్టర్‌ను మళ్లీ పరీక్షించాలి, ఆ ఆవిరి డిటెక్టర్‌లోని కేటలిటిక్ సెన్సార్‌నీ చంపుతుంది.

ఆ పైన కేటలిస్ట్ ప్లగ్‌లు, పాలిమర్ గుళికలు కొనుక్కోవచ్చు. టెండర్‌లో మాత్రం ఇవి అడగాలి: తడిసిన ప్లగ్ ఎంతసేపటికి పని మొదలెడుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలాక ఎంత సామర్థ్యం మిగులుతుంది, గరిష్ఠంగా ఎన్ని ఆంపియర్లు తట్టుకుంటుంది, ఏ తేదీకి మార్చాలి. పాలిమర్‌కైతే సీలు వేసిన పెట్టెలో జీవితకాలం మొత్తంలో పుట్టే హైడ్రోజన్ ఎన్ని లీటర్లో సంతకంతో చూపించాలి. అది చూపలేని చోట ఆ షీటుకు పని లేదు.

వీఆర్‌ఎల్‌ఏ (వాల్వుతో మూసేసిన, నీళ్లు పోయనక్కర్లేని లెడ్-యాసిడ్ రకం) బ్యాటరీలను మూసేసి ఉంటాయి కదా అని వదిలేయకండి. మన ఎండల్లో గది 45 డిగ్రీలు అయినప్పుడు 27 డిగ్రీలకి సెట్ చేసిన ఫ్లోట్ వోల్టేజిని సెల్‌కి డిగ్రీకి 3 మిల్లీవోల్టుల చొప్పున, అంటే 54 మిల్లీవోల్టులు, తగ్గించాలి. ఉష్ణోగ్రత ప్రోబ్ ఊడిపోయిన చార్జర్ ఆ పని చేయదు. సెల్ వేడెక్కి, వాల్వు తెరుచుకుని, హైడ్రోజన్ గదిలోకి వస్తుంది. మార్చి నెలాఖరులోపు ఆ ప్రోబ్ బ్యాటరీకి అంటుకుని ఉందో లేదో ప్రతి గదిలో చూసి రాయమని మీ కింది అధికారులకు ఒక సర్క్యులర్ పంపండి.

ఇట్లు,
బ్యాటరీ నిర్వహణ, ఉత్ప్రేరక పదార్థాల రంగాల్లో పనిచేస్తున్న ఇంజనీర్లు, రసాయన శాస్త్రవేత్తలు